ముందే కట్టిన వెల, మోయలేకపోయిన భుజం

కోట్ల బోనస్ అందుకుని మేజర్ లీగ్ మైదానం తొక్కలేకపోయిన బేస్‌బాల్ వీరుడి ఉదంతం

అమెరికా బేస్‌బాల్ చరిత్రలో అప్పటివరకు ఏ కొత్త ఆటగాడికీ ముట్టనంత పెద్ద బోనస్ 1991 ఆగస్టులో ఒక పంతొమ్మిదేళ్ల యువకుడికి ముట్టింది. అతని పేరు బ్రయన్ టేలర్. ఎడమ చేతివాటం పిచర్, అంటే బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగాడు. హైస్కూలు చదువు ముగించి రెండు మూడు నెలలైనా కాలేదు. న్యూయార్క్ యాంకీస్ క్లబ్బు అతనికి చెల్లించిన మొత్తం 15 లక్షల 50 వేల డాలర్లు. నాటి మారకపు రేటు ప్రకారం ఇది సుమారు 4 కోట్ల రూపాయలు.

పదేళ్లు తిరగకుండానే టేలర్ ఆట ముగిసింది. మేజర్ లీగ్ మ్యాచ్‌లో ఒక్క బంతి అయినా విసిరే అవకాశం అతనికి దక్కలేదు. దరిమిలా అమెరికా పత్రికలు ‘విఫలమైన వాగ్దానాల’ జాబితా తయారుచేసినప్పుడల్లా అతని పేరు అగ్రభాగాన నిలిచింది. అంత సొమ్ము తీసుకుని ఏమీ సాధించలేదన్నది అతనిపై స్థిరపడిన ముద్ర. అయితే ఆ సొమ్ము దేనికి చెల్లించారు, నష్టం ఎవరిది, పందెం కాసింది ఎవరు అన్న ప్రశ్నలు వేసుకుంటే ఈ ఉదంతం మరో విధంగా కనిపిస్తుంది.

డ్రాఫ్ట్ పద్ధతి వెనుక లెక్క

టేలర్ కథ అర్థం కావాలంటే ముందుగా ‘డ్రాఫ్ట్’ పద్ధతిని తెలుసుకోవాలి. అమెరికాలో బేస్‌బాల్ క్లబ్బులు హైస్కూళ్ల నుంచి, కళాశాలల నుంచి కొత్త ఆటగాళ్లను వేలంలో కొనవు. వంతులవారీగా ఎంచుకుంటాయి. ఆ రోజుల్లో, అంతకు ముందు సీజనులో తన లీగ్‌లో అట్టడుగున నిలిచిన జట్టుకు మొదటి వంతు లభించేది. ఒక క్లబ్బు ఎంచుకున్న ఆటగాడితో మరే క్లబ్బూ బేరమాడడానికి వీలులేదు. ఆటగాడికి మిగిలే దారులు రెండే. ఆ క్లబ్బు ఇచ్చినది పుచ్చుకోవడం, లేదా కాళ్లు చాపి కళాశాలలో చేరి మరో డ్రాఫ్ట్ కోసం ఎదురుచూడడం.

ఈ పద్ధతి 1965లో అమలులోకి వచ్చింది. అంతకు ముందు ఏడాది రిక్ రైకార్డ్ అనే కళాశాల విద్యార్థి కోసం క్లబ్బులు పోటీపడగా, ఏంజెల్స్ క్లబ్బు 2 లక్షల 5 వేల డాలర్లు చెల్లించి అతన్ని దక్కించుకుంది. ఇలాంటి పోటీ సాగితే తమ ఖజానాలు ఖాళీ అవుతాయని యజమానులు భయపడ్డారు. మరుసటి ఏడాది తొలి డ్రాఫ్ట్‌లో మొట్టమొదట ఎంపికైన రిక్ మండేకు లభించింది 1 లక్షా 4 వేల డాలర్లు మాత్రమే. అంటే ఒక్క ఏడాదిలో ధర దాదాపు సగానికి పడిపోయింది. డ్రాఫ్ట్ ఆశించిన ఫలితం కూడా అదే. బలహీన జట్లకు మేలు చేయడం ఒక లక్ష్యమైతే, కొత్తవారి ధరను అదుపులో ఉంచడం మరో లక్ష్యం.

ఇతర వ్యాపారాలలో యజమానులందరూ కూడబలుక్కుని ఇలా జీతాలు కట్టడి చేస్తే అమెరికా చట్టాలు ఊరుకోవు. కానీ బేస్‌బాల్‌కు పోటీ నియంత్రణ చట్టాలు వర్తించవని ఆ దేశ సుప్రీంకోర్టు 1922లోనే తీర్పు ఇచ్చింది. ఆ మినహాయింపు నీడలోనే ఈ వ్యవస్థ వేళ్లూనుకుంది.

తాపీ మేస్త్రీ కొడుకు

ఉత్తర కరోలినా రాష్ట్రం తీరప్రాంతంలోని బోఫోర్ట్ టేలర్ స్వస్థలం. 1971 డిసెంబరులో జన్మించాడు. తండ్రి తాపీ పని చేసేవాడు. తల్లి సముద్రపు పీతలను శుద్ధి చేసే కర్మాగారంలో కూలి. అంతంతమాత్రపు ఆదాయంతో నెట్టుకొచ్చే నల్లజాతి కుటుంబం అది.

ఈస్ట్ కార్టరెట్ హైస్కూలు తరఫున ఆఖరి ఏడాది టేలర్ విసిరిన బంతులు దేశం నలుమూలల నుంచి క్లబ్బుల పరిశీలకులను ఆ చిన్న ఊరికి రప్పించాయి. అతని బంతి వేగం గంటకు 98, 99 మైళ్లు, అంటే సుమారు 158 కిలోమీటర్లు. ఆ ఏడాది అతను 88 ఇన్నింగ్స్ విసిరాడు. బేస్‌బాల్‌లో ముగ్గురు బ్యాటర్లు అవుటయితే ఒక ఇన్నింగ్స్ పూర్తవుతుంది. ఆ లెక్కన 88 ఇన్నింగ్స్‌లో 264 మంది అవుట్ కావాలి. వారిలో 213 మందిని టేలర్ స్ట్రైక్ అవుట్ చేశాడు. అంటే అవుటయిన ప్రతి అయిదుగురిలో నలుగురు ఎవరి సాయమూ లేకుండా అతని బంతికే వెనుదిరిగారు. ఆటగాళ్ల ప్రతినిధిగా పేరుమోసిన స్కాట్ బోరస్ తాను చూసిన హైస్కూలు పిచర్లలో టేలరే మేటి అని అనేక సంవత్సరాల తర్వాత కూడా చెప్పడం గమనార్హం.

యాంకీస్ క్లబ్బుకు అవి గడ్డు రోజులు. 1990 సీజనులో 67 మ్యాచ్‌లు గెలిచి 95 ఓడిపోయి అమెరికన్ లీగ్‌లో అడుగున నిలిచింది. జూదరి ఒకరికి సొమ్ము చెల్లించి సొంత ఆటగాడి గుట్టుమట్లు తవ్వించే ప్రయత్నం చేశారన్న అభియోగంపై యజమాని జార్జ్ స్టీన్‌బ్రెన్నర్ క్లబ్బు నిర్వహణకు దూరంగా ఉండవలసి వచ్చింది. ఇలాంటి స్థితిలో 1991 జూన్ డ్రాఫ్ట్‌లో మొదటి వంతు యాంకీస్‌కు లభించింది. క్లబ్బు టేలర్‌ను ఎంచుకుంది.

తల్లి పట్టుదల

క్లబ్బు మొదట ఇవ్వజూపింది 3 లక్షల డాలర్లు. ఆ రోజుల్లో మొదటి స్థానంలో ఎంపికైన ఆటగాడికి ముట్టే మామూలు మొత్తం అదే. అయితే టేలర్ తల్లి అందుకు సమ్మతించలేదు. అంతకు ముందు ఏడాది టెక్సాస్‌కు చెందిన టాడ్ వాన్ పాపెల్ అనే హైస్కూలు పిచర్‌తో ఓక్లండ్ క్లబ్బు 12 లక్షల డాలర్ల విలువైన మూడేళ్ల ఒప్పందం కుదుర్చుకుంది. అతనికి ఇచ్చినది తన కొడుక్కి ఎందుకు ఇవ్వరన్నది ఆమె ప్రశ్న.

నిజానికి వాన్ పాపెల్ చేతిలో ఒక ఆయుధం ఉంది. సొమ్ము చాలకపోతే టెక్సాస్ విశ్వవిద్యాలయంలో చేరతానని అతను క్లబ్బులను హెచ్చరించాడు. టేలర్ మార్కులు పెద్ద విశ్వవిద్యాలయంలో చేరడానికి సరిపోవు. అందువల్ల లూయిస్‌బర్గ్ అనే రెండేళ్ల కళాశాలలో చేరతాడని కుటుంబానికి సలహాదారుగా ఉన్న బోరస్ క్లబ్బుకు తెలియజేశారు. తరగతులు మొదలై అతను అందులో చేరిపోతే యాంకీస్‌కు ఉన్న హక్కు చేజారుతుంది. వేసవి అంతా బేరం సాగింది. బహిష్కరణలో ఉన్న స్టీన్‌బ్రెన్నర్ సైతం టేలర్‌ను వదులుకుంటే ఆ బాధ్యులను కాల్చివేయాలన్న ధోరణిలో ఘాటుగా వ్యాఖ్యానించారు. చివరకు తరగతులు ప్రారంభం కావడానికి ఒక్కరోజు ముందు 15 లక్షల 50 వేల డాలర్లకు ఒప్పందం కుదిరింది.

ఈ మొత్తం అప్పట్లో పెద్ద దుమారం రేపింది. ఇంకా మేజర్ లీగ్ ముఖం చూడని కుర్రవాడికి ఇంత సొమ్మా అని క్లబ్బుల యజమానులు నొసలు చిట్లించారు. అయితే యాంకీస్ ఆదాయంతో పోల్చి చూస్తే ఇది ఎంత? 1988 చివరలో ఆ క్లబ్బు తన మ్యాచ్‌ల ప్రసార హక్కులను 12 సంవత్సరాలకు 48 కోట్లకు పైగా డాలర్లకు ఒక కేబుల్ టెలివిజన్ సంస్థకు విక్రయించింది. అంటే ఏడాదికి సగటున 4 కోట్ల డాలర్లు. టేలర్‌కు చెల్లించిన బోనస్ క్లబ్బుకు రెండు వారాల టెలివిజన్ ఆదాయంతో సమానం. టేలర్ కుటుంబానికి మాత్రం అది జీవితకాలపు ఆర్జనకు మించినది. ఆ డబ్బుతో అతను తల్లిదండ్రులకు ఇల్లు కట్టించాడు.

ఆశ పెంచిన రెండేళ్లు

మేజర్ లీగ్‌కు చేరాలంటే అంచెలంచెలుగా మైనర్ లీగ్‌లను దాటుకుంటూ రావాలి. 1992లో టేలర్ ఫోర్ట్ లాడర్‌డేల్ జట్టు తరఫున తొలి సీజను ఆడాడు. 161 ఇన్నింగ్స్‌లో 187 మందిని స్ట్రైక్ అవుట్ చేశాడు. తొమ్మిది ఇన్నింగ్స్‌కు అతను ఇచ్చిన పరుగుల సగటు 2.57. ఆ వయసు పిచర్‌కు ఇది మెచ్చదగిన ఆరంభం. దేశంలోని వర్ధమాన ఆటగాళ్లలో అగ్రగణ్యుడని బేస్‌బాల్ పత్రికలు అతన్ని కీర్తించాయి. ఆటగాళ్ల బొమ్మల కార్డులు ముద్రించే టాప్స్ సంస్థ అతని సంతకంతో కూడిన కార్డును విక్రయించింది.

1993లో అతన్ని ఒక మెట్టు పైనున్న ఆల్బనీ జట్టుకు పంపారు. అక్కడ 13 మ్యాచ్‌లు గెలిచి 7 ఓడాడు. పరుగుల సగటు 3.48. స్ట్రైక్ అవుట్లు 150. అయితే 163 ఇన్నింగ్స్‌లో 102 ‘వాక్’లు ఇచ్చాడు. పిచర్ నాలుగుసార్లు గురితప్పి విసిరితే బ్యాటర్‌కు బంతి కొట్టకుండానే మొదటి బేస్ దక్కుతుంది. దీన్నే వాక్ అంటారు. గురి ఇంకా కుదరలేదన్నమాట. అయినప్పటికీ 21 ఏళ్ల వయసులో ఆ అంచెలో నిలదొక్కుకోవడం సామాన్యమేమీ కాదు. 1994లో మైనర్ లీగ్ పై అంచె, ఆ తర్వాత ఏడాది యాంకీస్ మైదానం అన్నది క్లబ్బు వేసుకున్న అంచనా. డబ్బు తీసుకుని నిర్లక్ష్యం చేశాడన్న నింద ఈ రెండేళ్ల రికార్డు ముందు నిలవదు.

ఒక్క రాత్రిలో తారుమారు

1993 డిసెంబరు 18వ తేదీ రాత్రి సర్వం తలకిందులైంది. స్వగ్రామం సమీపంలో సోదరుడికి ఎవరితోనో ఘర్షణ జరిగి దెబ్బలు తగిలాయి. సంగతి తెలిసి టేలర్ అక్కడికి వెళ్లాడు. మాటామాటా పెరిగి కొట్లాటకు దారితీసింది. ఆ పెనుగులాటలో అతను ఎడమ భుజం మీద పడ్డాడు. భుజం కీలును పట్టి ఉంచే పొర, మృదులాస్థి చిరిగిపోయాయి. బంతి విసిరే చేయి అదే.

క్రీడాకారుల శస్త్రచికిత్సలో ప్రపంచ ప్రసిద్ధుడైన డాక్టర్ ఫ్రాంక్ జోబ్ అతన్ని పరీక్షించి, తాను చూసిన భుజం గాయాలలో అత్యంత తీవ్రమైన వాటిలో ఇది ఒకటని అభిప్రాయపడ్డారు. మోచేతి స్నాయువుకు శస్త్రచికిత్స చేసి పిచర్లను మళ్లీ మైదానానికి పంపే విధానానికి 1974లో ఆద్యుడు ఈ డాక్టరే. మోచేతి గాయం నుంచి కోలుకున్నవారు ఎందరో ఉన్నారు. భుజం సంగతి అలా కాదు. చేయి పూర్తిగా వెనక్కి తిరిగి విల్లులా ముందుకు దూసుకువచ్చే కదలికకు ఆధారం భుజం కీలే. అది పట్టుతప్పితే వేగమూ పోతుంది, గురీ పోతుంది.

1994 సీజను మొత్తం చికిత్సకే సరిపోయింది. 1995లో మైనర్ లీగ్ కింది అంచెలో తిరిగి అడుగుపెట్టేసరికి అతని బంతి వేగం గంటకు 8 మైళ్ల మేర తగ్గిపోయింది. మెలిక తిరిగే బంతి గురికి చేరడం మానేసింది. 1996లో గ్రీన్స్‌బరో జట్టు తరఫున ఆడిన తీరు అత్యంత దయనీయం. 16 ఇన్నింగ్స్‌కు కొంచెం పైగా విసిరి 43 వాక్‌లు ఇచ్చాడు. పరుగుల సగటు 18.73. 1997లో 14.33. 1998 చివరకు యాంకీస్ అతన్ని వదిలివేసింది. తదుపరి సియాటిల్, క్లీవ్‌లండ్ క్లబ్బులు అవకాశం ఇచ్చి చూశాయి. 2000 సంవత్సరంతో అతని ఆట పూర్తిగా ముగిసింది.

విశేషమేమంటే టేలర్ ఇలా తంటాలు పడుతున్న 1996, 1998, 1999, 2000 సంవత్సరాలలోనే యాంకీస్ నాలుగుసార్లు ప్రపంచ సిరీస్ గెలుచుకుంది. 1992 డ్రాఫ్ట్‌లో ఆరో స్థానంలో ఆ క్లబ్బు ఎంచుకున్న డెరెక్ జీటర్ ఆ విజయాలకు మూలస్తంభంగా నిలిచాడు. ఒక ఆటగాడు అందిరాకపోతే మరొకడు అందివస్తాడన్న భరోసాతో క్లబ్బు ఏటా పదుల సంఖ్యలో యువకులను చేర్చుకుంటుంది. యువకుడి దగ్గర ఉన్నది ఒక్క భుజమే.

అందరూ ఒకే దారిలో పడలేదు

టేలర్‌కు కొలబద్దగా నిలిచిన వాన్ పాపెల్ సంగతి కూడా చూడదగినదే. అట్లాంటా క్లబ్బు 1990లో మొదటి వంతు ఉండి కూడా అతని హెచ్చరికకు వెనుకాడి, చిప్పర్ జోన్స్ అనే మరో కుర్రవాడిని 2 లక్షల 75 వేల డాలర్లకు తీసుకుంది. జోన్స్ 19 సీజన్లు అట్లాంటాకే ఆడి 2018లో బేస్‌బాల్ కీర్తి మందిరంలో స్థానం పొందాడు. అంతకు నాలుగింతల పైగా విలువైన ఒప్పందం పొందిన వాన్ పాపెల్ 2004 వరకు పలు జట్లు మారుతూ 11 సీజన్లలో కనిపించి 40 మ్యాచ్‌లు గెలిచాడు, 52 ఓడాడు. పరుగుల సగటు 5.58.

అతని వైఫల్యంలో ఒప్పందం పాత్ర కూడా ఉంది. అది మేజర్ లీగ్ ఒప్పందం కావడంతో, క్లబ్బు అతన్ని మైనర్ లీగ్‌లకు పంపగల సంవత్సరాలు పరిమితమయ్యాయి. నేర్చుకోవలసిన వయసులోనే, 1991 సెప్టెంబరులో, 19 ఏళ్లకే అతను పెద్ద మైదానంలోకి దిగాడు. డబ్బుతోపాటు వచ్చిన షరతే అతనికి తొందర పెట్టింది.

తొందర ఎంత చేటు తెస్తుందో అంతకు ముందే డేవిడ్ క్లైడ్ ఉదంతం రుజువు చేసింది. 1973 డ్రాఫ్ట్‌లో మొదటి స్థానంలో ఎంపికైన క్లైడ్‌కు టెక్సాస్ రేంజర్స్ క్లబ్బు 1 లక్షా 25 వేల డాలర్ల బోనస్ ఇచ్చింది. ఆ క్లబ్బుకు ప్రేక్షకులు కరువు. హైస్కూలు ముగించి మూడు వారాలైనా కాకముందే, జూన్ 27న 18 ఏళ్ల క్లైడ్‌ను మేజర్ లీగ్ మ్యాచ్‌లో దించారు. ఆ మైదానం మొట్టమొదటిసారి నిండిపోయింది. 35 వేల మందికి పైగా వచ్చారు. క్లైడ్ ఆ మ్యాచ్ గెలిచాడు. రెండు మ్యాచ్‌ల తర్వాత శిక్షణ కోసం అతన్ని మైనర్ లీగ్‌కు పంపాలన్నది మొదటి ఆలోచన. టిక్కెట్ల అమ్మకం చూశాక యజమాని ఆ మాట మరచిపోయారు. దాని ఫలితం 18 విజయాలు, 33 పరాజయాలు, 26 ఏళ్లకే విరమణ. మరింత విషాదమేమంటే, ఆటగాళ్ల పింఛనుకు నాటి నిబంధన ప్రకారం నాలుగేళ్ల సర్వీసు అవసరం కాగా, క్లైడ్‌కు 37 రోజులు తక్కువయ్యాయి. ఆ తర్వాత అతను కలప వ్యాపారంలో స్థిరపడ్డాడు.

మొదటి స్థానంలో ఎంపికై, ఒప్పందం చేసుకుని, మేజర్ లీగ్‌కు చేరకుండానే ఆట ముగించినవారిలో టేలర్ రెండోవాడు. మొదటివాడు 1966లో న్యూయార్క్ మెట్స్ ఎంచుకున్న స్టీవ్ చిల్‌కాట్. అతన్ని దెబ్బతీసింది కూడా భుజం గాయమే. ఆ ఏడాది రెండో స్థానంలో ఎంపికైన రెగ్గీ జాక్సన్ 563 హోమ్ రన్లు కొట్టి చరిత్ర పురుషుడయ్యాడు. నిపుణుల అంచనాలు ఎంత గట్టివైనా 18 ఏళ్ల దేహానికి పూచీ ఇవ్వలేవని ఈ ఉదంతాలు చాటుతున్నాయి.

బోనస్ జీతమా, బీమానా?

ఈ నేపథ్యంలో 1991 నాటి బేరాన్ని తిరిగి చూస్తే ఆ తల్లి పట్టుదలలోని విజ్ఞత బోధపడుతుంది. అప్పట్లో మేజర్ లీగ్ ఆటగాడి కనీస వార్షిక వేతనం లక్ష డాలర్లు. మైనర్ లీగ్ కింది అంచెలోని ఆటగాడికి ముట్టేది నెలకు వెయ్యి డాలర్ల లోపే. అది కూడా సీజను జరిగే నెలలకు మాత్రమే. మేజర్ లీగ్‌కు చేరకపోతే ఆటగాడికి బోనస్ ఒక్కటే మిగిలే ఆస్తి. క్లబ్బు మొదట చెప్పిన 3 లక్షలకు టేలర్ కుటుంబం తలవంచి ఉంటే, 1993 డిసెంబరు తర్వాత వారి చేతిలో మిగిలేది దానిలో పన్నులు పోగా శేషమే.

అభిమానుల దృష్టిలో బోనస్ భవిష్యత్తులో చేయబోయే సేవకు ముందస్తు జీతం. ఆట రాణించకపోతే అది అప్పులా కనిపిస్తుంది. ఆర్థిక దృష్టితో చూస్తే, ఒక్క క్లబ్బుకే కట్టుబడి, పోటీ బేరం అడిగే హక్కు వదులుకుని, దేహాన్ని పణంగా పెట్టినందుకు ఆటగాడు పొందే మూల్యం అది. కొనుగోలుదారు ఆశకు వెల కట్టాడు. ఆశ ఫలించకపోవడం వ్యాపారంలో భాగమే. గింజ మొలకెత్తలేదని వ్యాపారి తిట్టుకోవచ్చు గాని, గింజను నేరస్థుడిగా నిలబెట్టడం న్యాయం కాదు.

అలాగని టేలర్ జీవితంలో పొరపాట్లు లేవని చెప్పడం కూడా నిజాన్ని కప్పిపుచ్చడమే అవుతుంది. ఆట ముగిసిన తర్వాత అతను స్వస్థలానికి తిరిగివచ్చి చిన్న చిన్న ఉద్యోగాలు చేశాడు. తండ్రి వెంట ఇటుకల పనికి వెళ్లాడు. 2012లో మాదకద్రవ్యాల విక్రయం కేసులో అరెస్టయి, నేరం అంగీకరించాడు. ఫెడరల్ న్యాయస్థానం 38 నెలల జైలుశిక్ష విధించింది. 2014లో విడుదలయ్యాడు. బోనస్ ఇచ్చిన వ్యవస్థ ఆ సొమ్మును నిలుపుకునే విద్యను గాని, ఆట పోయాక బతికే మార్గాన్ని గాని అతనికి ఇవ్వలేదు. చేసిన నేరానికి బాధ్యత అతనిదే. అయితే విఫలుడన్న ముద్ర ఆ నేరానికి పద్దెనిమిదేళ్ల ముందే, భుజం చిరిగిన రోజునే పడింది.

మారిన నిబంధనలు

టేలర్ తర్వాత బోనస్‌లు ఆగలేదు, పెరిగాయి. క్లబ్బులు 2012 నుంచి కొత్త కట్టడి తెచ్చుకున్నాయి. దాని ప్రకారం ప్రతి క్లబ్బుకు కొత్త ఆటగాళ్ల బోనస్‌ల కోసం మొత్తం మీద ఒక పరిమితి ఉంటుంది. దాన్ని బాగా మీరితే జరిమానాతోపాటు తర్వాతి డ్రాఫ్ట్‌లలో వంతులు కోల్పోవలసి వస్తుంది. అయినప్పటికీ 2023లో మొదటి స్థానంలో ఎంపికైన పాల్ స్కీన్స్ అనే పిచర్‌కు పిట్స్‌బర్గ్ క్లబ్బు 92 లక్షల డాలర్లు చెల్లించింది. అతను మరుసటి ఏడాదే మేజర్ లీగ్‌లో నేషనల్ లీగ్ ఉత్తమ నూతన ఆటగాడిగా ఎంపికయ్యాడు. అతను హైస్కూలు కుర్రవాడు కాదు, కళాశాల ఆటలో రాటుదేలినవాడు.

అసలైన మార్పు కింది అంచెలో వచ్చింది. 2022లో మైనర్ లీగ్ ఆటగాళ్లు మేజర్ లీగ్ ఆటగాళ్ల యూనియన్‌లో చేరారు. 2023లో కుదిరిన తొలి ఉమ్మడి ఒప్పందంతో, టేలర్ 1993లో ఆడిన అంచెలో కనీస వార్షిక వేతనం 13,800 డాలర్ల నుంచి 30,250 డాలర్లకు పెరిగింది. బోనస్ దక్కని వేలాది యువకులకు ఇది పెద్ద ఊరట. ఒక్కడి మీద లక్షలు కుమ్మరించి మిగిలినవారిని అర్ధాకలితో ఉంచే పద్ధతికి కొంతమేర దిద్దుబాటు జరిగింది.

మన దేశానికి వర్తించే పాఠం

బేస్‌బాల్ మన ఆట కాకపోయినా ఈ కథ మనకు దూరం కాదు. ఉత్తరప్రదేశ్‌కు చెందిన జావెలిన్ క్రీడాకారులు రింకూ సింగ్, దినేష్ పటేల్ 2008లో ఒక టెలివిజన్ పోటీలో నెగ్గి, ఏనాడూ ఆడని బేస్‌బాల్ కోసం అమెరికా వెళ్లారు. ఆ ఏడాది నవంబరులో పిట్స్‌బర్గ్ క్లబ్బుతో ఒప్పందం చేసుకున్నారు. వారిపై 2014లో హాలీవుడ్ చిత్రం కూడా వచ్చింది. అయితే ఇద్దరూ మైనర్ లీగ్ కింది అంచెలు దాటలేదు. దినేష్ 2010లోనే ఆటకు దూరమయ్యాడు. రింకూ మోచేతి గాయంతో ఏళ్ల తరబడి పోరాడి, తదుపరి అమెరికా కుస్తీ ప్రదర్శనల రంగంలో ప్రవేశించాడు.

ఇక క్రికెట్ విషయానికి వస్తే, 2008లో ఐపీఎల్ తొలి వేలంలో మహేంద్రసింగ్ ధోనీని చెన్నై 15 లక్షల డాలర్లకు కొనుగోలు చేసింది. టేలర్ బోనస్‌కు దాదాపు సమానమైన మొత్తమిది. అయితే ధోనీ అప్పటికే భారత జట్టుకు ప్రపంచ కప్ సాధించిపెట్టిన నాయకుడు. అతని ధర నిరూపితమైన ప్రతిభకు కట్టిన ధర. 2024 నవంబరు వేలంలో బీహార్‌కు చెందిన వైభవ్ సూర్యవంశీని రాజస్థాన్ జట్టు 1 కోటీ 10 లక్షల రూపాయలకు తీసుకున్నప్పుడు అతని వయసు 13 సంవత్సరాలు. ఇది ఆశకు కట్టిన ధర. 2025 ఏప్రిల్‌లో అతను 35 బంతుల్లో శతకం సాధించి ఆ ఆశకు మరింత ఊపిరి పోశాడు. మన దేశంలో కూడా ఇక మీదట ఇలాంటి బేరాలు సాగుతాయి. కొందరు రాణిస్తారు, కొందరి మోకాలో భుజమో మొరాయిస్తుంది.

అందువల్ల అమెరికా అనుభవం నుంచి గ్రహించవలసినవి రెండున్నాయి. పిల్లవాడికి వెల కట్టేవారు ఆటతోపాటు చదువుకు, వైద్యానికి, బీమాకు కూడా ఒప్పందంలో చోటు కల్పించాలి. చూసేవారు, రాసేవారు ఆ వెలను అతని మెడకు కట్టిన బండగా మార్చకుండా నిగ్రహం పాటించాలి. బ్రయన్ టేలర్‌కు 15 లక్షల 50 వేల డాలర్ల ధర నిర్ణయించింది అతనొక్కడే కాదు. గెలుపు కోసం ఆత్రపడిన క్లబ్బు, పోటీని అణచిన డ్రాఫ్ట్, సంచలనం కోరిన పత్రికలు అందరూ కలిసి నిర్ణయించిన ధర అది. దాన్ని తీర్చలేదన్న నింద మాత్రం అతనొక్కడి మీదే మిగిలిపోయింది.